కిండర్ స్కౌట్: నేల కథ, నడక కథ

ఇంగ్లండు పటంలో మాంచెస్టర్ నగరం నుండి షెఫీల్డ్ నగరానికి ఒక గీత గీస్తే, దాదాపు నడిమి భాగంలో ఒక ఎత్తయిన పీఠభూమి తగులుతుంది. దాని పేరు కిండర్ స్కౌట్. ఎత్తు సముద్రమట్టానికి 636 మీటర్లు, అంటే 2,087 అడుగులు. మన తిరుమల కొండలకంటె కూడ తక్కువే. పర్వతాల ఎత్తులు బట్టీ పట్టే విద్యార్థికి ఇది లెక్కలోకి రాని కొండ. కాని ఒక దేశంలో సామాన్యుడికి కొండమీద నడిచే హక్కు ఎట్లా వచ్చిందో, ఒక నగరపు పొగ పాతిక ముప్పై కిలోమీటర్ల దూరంలోని నేలను ఎట్లా చంపిందో తెలుసుకోవాలంటే ఈ చిన్న కొండను మించిన పాఠ్యపుస్తకం లేదు.

ఈ కొండ ఉన్న ప్రాంతాన్ని పీక్ డిస్ట్రిక్ట్ అంటారు. ఆంగ్లంలో పీక్ అంటే శిఖరం గనుక అక్కడ కోసుగా ఆకాశంలోకి లేచిన శిఖరాలు ఉంటాయని అనుకోవడం సహజం. ఒక్కటీ కనబడదు. పూర్వం ఆ ప్రాంతంలో నివసించిన పెక్సేటన్ అనే తెగ పేరునుండి ఆ మాట వచ్చింది. కిండర్ పైభాగమంతా బల్లపరుపు. అంచుల దగ్గర నల్లని రాతి గుట్టలు, నిలువు గోడలు. లోపల కిలోమీటర్ల పొడవున చెట్టన్నది లేని తడినేల. ఇటువంటి నేలను వారు మూర్ అంటారు. మన భాషలో దీనికి సరియైన పేరు లేదు. ఉండవలసిన అవసరం కూడ లేకపోయింది, అటువంటి నేల మనకు లేదు గనుక. బీడు అందామా, ఎండి ఉండాలి. ఊబి అందామా, పల్లంలో ఉండాలి. కొండనెత్తిన ఊబి ఉండటమే మూర్ యొక్క విచిత్రం.

మొదట కింది రాయి సంగతి చెప్పుకోవాలి. సుమారు 32 కోట్ల సంవత్సరాల క్రితం బ్రిటన్ భూభాగం భూమధ్యరేఖకు దగ్గరగా ఉండేది. ఉత్తరాన ఉన్న పర్వతాలనుండి మహానదులు ముతక ఇసుకను మోసుకొని వచ్చి సముద్రం అంచున డెల్టాలుగా పరిచాయి. మన గోదావరి ఇప్పటికీ చేస్తున్న పని అదే. ఆ ఇసుక గట్టిపడి గరుకైన ఇసుకరాయి అయినది. తిరగళ్ళకు, పిండిమరలకు పనికివచ్చే రాయి గనుక దానికి తిరగలి రాయి అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. నేటికీ ఆ కొండల పాదాలలో సగం చెక్కి వదిలేసిన తిరగలి రాళ్ళు పడి ఉంటాయి. ఈ రాయిలో సున్నం లేదు. నీటిలో కరగదు, నేలకు పోషకాలనూ అంతగా ఇవ్వదు. పైన ఏర్పడబోయే నేల పుల్లగా, బీదగా ఉండటానికి పునాది అక్కడే పడినది.

పైనున్న నేలకు పీట్ అని పేరు. ఇది మట్టి కాదు, కుళ్ళని మొక్కల గుట్ట. అక్కడ వాన నాలుగు నెలలకు పరిమితం కాదు. ఏడాది పొడవునా సన్నగా కురుస్తూనే ఉంటుంది. పైభాగంలో ఏటా సుమారు 1,500 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఎండ తక్కువ, చలి ఎక్కువ. నీరు ఆవిరికాదు, బల్లపరుపు నేల గనుక త్వరగా జారిపోదు. నీట మునిగిన నేలలో ప్రాణవాయువు ఉండదు. చచ్చిన మొక్కలను కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు అక్కడ పని చేయలేవు. అందువలన ఏ ఏటి మొక్కలు ఆ ఏడు చచ్చి, సగం కుళ్ళి, నల్లని పొరగా మిగిలిపోతాయి. ఇట్లా ఏడాదికి అర మిల్లీమీటరు మొదలు ఒక మిల్లీమీటరు వరకు పెరుగుతూ వచ్చిన పీట్ కిండర్ మీద కొన్నిచోట్ల నాలుగు మీటర్ల లోతున ఉన్నది. లెక్క వేస్తే ఏడెనిమిది వేల సంవత్సరాల పని.

ఈ పనిలో ముఖ్యమైన కూలీ స్ఫాగ్నం అనే నాచు. దాని ఆకులలో ఎక్కువ కణాలు చచ్చి, ఖాళీ సంచులై ఉంటాయి. ఆ సంచులలో నీరు నింపుకొని నాచు తన ఎండుబరువుకు ఇరవై రెట్ల వరకు నీటిని పట్టి ఉంచగలదు. అదే సమయంలో తన చుట్టూ ఉన్న నీటిని ఆమ్లంగా మార్చి, పోటీ మొక్కలను దగ్గరకు రానివ్వదు. పిడికెడు నాచును చేతిలోకి తీసుకొని పిండితే తడిగుడ్డను పిండినట్లు నీరు కారుతుంది.

ఆ కొండ మీద మొదటినుండీ చెట్లు లేవనుకోకూడదు. పీట్ అడుగున చెట్ల మొదళ్ళు దొరికాయి. చెకుముకి రాతి పనిముట్లు, బొగ్గుపొరలు కూడ దొరికాయి. పీట్ పొరలలో చెడకుండా నిలిచిన పుప్పొడి రేణువులను సూక్ష్మదర్శినితో లెక్కించి, ఏ కాలంలో ఏ చెట్టు ఉండేదో చెప్పే పద్ధతిని 1916లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లెన్నార్ట్ వాన్ పోస్ట్ ప్రచారంలోకి తెచ్చాడు. వెరోనా కాన్వే అనే శాస్త్రజ్ఞురాలు దక్షిణ పెన్నైన్ కొండల పీట్‌ను ఈ పద్ధతిలో పరిశీలించి 1954లో ఫలితాలు ప్రకటించింది. అడవి అంచున వేటగాళ్ళు జింకలకు లేతగడ్డి మొలిపించడానికి నిప్పు పెట్టేవారనీ, చెట్లు పోగా నేల మరింత తడిసి ఊబి అయినదనీ చాలమంది పండితులు భావిస్తారు. వాన వాటా ఎంత, నిప్పు వాటా ఎంత అన్నది ఇప్పటికీ వాదంలో ఉన్నది. మనిషి ముట్టని ప్రకృతి అని మనం మురిసిపోయే చోట కూడ మనిషి చేయి ఉన్నదన్నమాట.

ఇక మనుష్యుల చరిత్ర. పూర్వం ఇటువంటి మూర్‌లు చాలవరకు ఉమ్మడి నేలలు. మన ఊళ్ళలో బంచరాయి భూముల వలె చుట్టుపక్కల వారు గొర్రెలను మేపుకొనేవారు, పొయ్యిలోకి పీట్ తవ్వుకొనేవారు. 18, 19 శతాబ్దులలో బ్రిటిష్ పార్లమెంటు ఒకదాని వెనుక ఒకటిగా వందలకొద్దీ చట్టాలు చేసి, ఉమ్మడి నేలలను విడగొట్టి భూస్వాముల పరం చేసినది. రాతిగోడలు లేచాయి. గొర్రెల కాపరుల బాట మూసుకొనిపోయింది. ఆ తరువాత ఆ నేల మీద వేట అనే కొత్త వ్యాపకం వచ్చింది.

మూర్‌ల మీద ఎర్ర గ్రౌస్ అనే పక్షి ఉంటుంది. మన కౌజు వంటిదే, కొంచెం పెద్దది. హెదర్ అనే ఊదాపూల పొద దాని తిండి. ఏటా ఆగస్టు 12వ తేదీన ఈ పక్షుల వేట మొదలయి డిసెంబరు 10వ తేదీతో ముగుస్తుంది. కొద్దిరోజుల వేట కొరకు ఏడాది పొడవునా కొండను కాపలా కాయడం ఆచారమయినది. పక్షులకు లేతచిగుళ్ళు కావాలని హెదర్‌ను ముక్కలు ముక్కలుగా కాల్చేవారు. గుడ్లు పెట్టే పక్షులు బెదురుతాయని మనుష్యులను రానిచ్చేవారు కారు. దుడ్డుకర్రలు పట్టుకొన్న కావలివాళ్ళు, అతిక్రమించినవారు శిక్షింపబడుదురు అనే బోర్డులు ఎక్కడ చూచినా ఉండేవి. అయితే ఇంగ్లండులో ఒకరి నేల మీద ఊరకే నడవటం నేరం కాదు. నేల యజమాని సివిలు దావా వేసి నష్టపరిహారం కోరవచ్చును, అంతే. కనుక శిక్షిస్తామన్న ఆ బోర్డులకు చట్టంలో ఆధారం లేదు. నడకకు వచ్చేవారు వాటిని కొయ్య అబద్ధాలని ఎగతాళి చేసేవారు.

నడకకు వచ్చేవారు ఎవరు? మాంచెస్టర్, షెఫీల్డ్ మిల్లులలో, కొలిమిశాలల్లో వారమంతా పనిచేసేవారు. నూలుమిల్లులలో దారం తెగకుండా గాలిని తడిగా ఉంచేవారు; నూలుదుమ్ము ఊపిరితిత్తులలోకి పోయేది. ఆ మిల్లులలో నేసిన గుడ్డ మన దేశపు బజారులకు దిగి ఇక్కడి మగ్గాల నోట మట్టి కొట్టిన సంగతి మనవారికి తెలిసినదే. ఆ మిల్లుల లోపల పనిచేసినవారి బ్రతుకు కూడ చల్లగా లేదన్నది మనం తక్కువగా తలచే విషయం. ఆదివారం ఒక్కరోజు సెలవు. హేఫీల్డ్ గ్రామానికి 1868లోనే రైలు వచ్చింది. కొండకు ఆవలివైపు ఈడేల్ లోయగుండా 1894లో మరొక రైలుమార్గం తెరిచారు. కొద్ది పెన్నీలతో టిక్కెట్టు కొని, రొట్టెముక్క సంచిలో వేసుకొని కొండకు వచ్చేవారు.

కొండ ఎక్కే హక్కు కొరకు ప్రయత్నాలు చాల ముందే మొదలైనవి. 1876లో హేఫీల్డ్, కిండర్ స్కౌట్ల పాతబాటలను కాపాడేందుకు ఒక సంఘం ఏర్పడినది. 1884లో జేమ్స్ బ్రైస్ అనే పార్లమెంటు సభ్యుడు స్కాట్లండు కొండలపైకి ప్రజలను అనుమతించాలని ఒక బిల్లు తెచ్చాడు, అది నెగ్గలేదు. ఆ తరువాత అటువంటి బిల్లులు ఎన్నోసార్లు వచ్చాయి, పోయాయి. ఫలించిన ప్రయత్నం ఒకటి ఉన్నది: ఎన్నో ఏండ్ల పోరాటం తరువాత 1897లో హేఫీల్డ్ నుండి విలియమ్ క్లఫ్ అనే వాగు లోయ మీదుగా కొండకు ఆవలివైపు పోయే ఒక కాలిబాటను ప్రజల బాటగా తెరిచారు. కాని బాట అంటే బాటే. దానికి కుడివైపు పైకి చూస్తే కిండర్ పీఠభూమి కనబడుతుంది. అడుగు పక్కన పెట్టితే కావలివాడు ఎదురవుతాడు. 1930లలో ఆ ప్రాంతపు మూర్‌లలో ప్రజలు తిరగడానికి వీలైన నేల నూటికి ఒక పాలు కూడ లేదు.

1932 ఏప్రిల్ 24వ తేదీ, ఆదివారం. బ్రిటిష్ శ్రామిక క్రీడా సమాఖ్య అనే వామపక్ష సంస్థకు చెందిన యువకులు ఆనాడు కిండర్ మీదికి సామూహికంగా నడుస్తామని ముందుగానే ప్రకటించారు. వారి నాయకుడు బెన్నీ రాత్‌మన్ మాంచెస్టర్ వాడు. అప్పటికి అతనికి ఇరవై ఏండ్లు. పోలీసులు తనకొరకు రైల్వేస్టేషనులో కాచుకొని ఉంటారని ఊహించి, అతడు సైకిలు తొక్కుకొంటూ హేఫీల్డ్ చేరాడు. గ్రామంలోని ఆటస్థలంలో సభలు జరుపరాదని నిబంధన ఉన్నందున జనమంతా బౌడెన్ బ్రిడ్జ్ దగ్గర ఉన్న పాత రాతిగనిలోకి తరలిపోయారు. సుమారు నాలుగు వందలమంది అని సాధారణంగా చెప్తారు. అక్కడ ఒక బండమీద నిలబడి రాత్‌మన్ మాట్లాడాడు. పిమ్మట అందరూ 1912లో పూర్తయిన కిండర్ జలాశయం పక్కనుండి, విలియమ్ క్లఫ్ వెంబడి నడిచారు.

వారు నడిచిన దారిని ఇప్పుడు ఎవరైనా నడిచి చూడవచ్చును. మొదట కంచెలు కట్టిన పచ్చికబయళ్ళు. తరువాత వాగు రెండువైపులా ఇరుకుగా పైకి లేచే లోయ. వాగు నీరు పలుచని టీ రంగులో ఉంటుంది. అది పీట్ నుండి ఊరిన రంగు. లోయ నడుమ ఒకచోట, ఈల వేయగానే, జనం బాట విడిచి కుడివైపు ఏటవాలును ఎక్కసాగారు. పైన ఇరవై ముప్పైమంది కావలివాళ్ళు కర్రలతో నిలబడి ఉన్నారు. తోపులాట జరిగినది. ఒక కావలివానికి చీలమండ దగ్గర దెబ్బ తగిలింది. జనం పైకి వెళ్ళి, షెఫీల్డ్ వైపునుండి వచ్చిన మరొక గుంపును కలుసుకొని, సంతోషం ప్రకటించుకొని వెనుదిరిగారు. నిజం చెప్పాలంటే వారు పీఠభూమి నడిబొడ్డుకు పోనేలేదు. అంచు మీదనే కొంత దూరం నడిచారు. కథలో కొండంత అయిన ఆ నడక నేల మీద కొద్ది దూరమే.

హేఫీల్డుకు తిరిగి వచ్చేసరికి పోలీసులు సిద్ధంగా ఉన్నారు. మొత్తం ఆరుగురిని పట్టుకొన్నారు. ఊరకే నడవటం నేరం కాదని చెప్పుకొన్నాము గదా. అందువలన వారిమీద అల్లరిమూకగా గుమికూడటం, దౌర్జన్యం వంటి నేరాలు మోపారు. జూలై నెలలో డెర్బీ నగరంలో విచారణ జరిగినది. జూరీలో సైన్యాధికారులు, గ్రామీణ పెద్దమనుష్యులే నిండి ఉన్నారు. ఐదుగురికి రెండు నెలలు మొదలు ఆరు నెలల వరకు జైలుశిక్ష పడింది. రాత్‌మన్‌కు నాలుగు నెలలు. కొండ ఎక్కినందుకు యువకులను జైలుకు పంపారన్న వార్త, ఆ చర్యను మెచ్చనివారిని కూడ కదిలించింది. అప్పటివరకు నడక సంఘాల నాయకులలో చాలమంది ఆ దండయాత్రను గర్హించినవారే. అట్లా తొందరపడితే భూస్వాములతో సాగుతున్న సంప్రదింపులు చెడిపోతాయని వారి భయం. ఆ భయాన్ని పిరికితనమని తోసివేయడం తేలిక; ఏండ్ల తరబడి ఒక్కొక్క బాటను కోర్టుల చుట్టూ తిరిగి సంపాదించినవారు వారే. అయితే అర్ధశతాబ్ది పాటు బిల్లులు పెట్టి సాధించలేని దృష్టిని ఒక మధ్యాహ్నం సాధించినదన్నది కూడ కాదనలేము.

చట్టం వెంటనే రాలేదు. 1939లో వచ్చిన మొదటి చట్టాన్ని పార్లమెంటులో ఎంతగా మార్చివేశారంటే, కొన్ని సందర్భాలలో నేలపై నడవటమే మొదటిసారిగా నేరమయినది. యుద్ధం ముగిసిన తరువాత గాలి మారినది. 1945లో జాన్ డవర్ జాతీయ వనాలను గురించి నివేదిక రాశాడు. 1949లో జాతీయ వనాల చట్టం, 1951 ఏప్రిల్ 17న బ్రిటన్‌లో మొట్టమొదటి జాతీయ వనంగా పీక్ డిస్ట్రిక్ట్ వచ్చాయి. 1965లో పెన్నైన్ వే అనే దూరపు కాలిబాటను తెరిచారు. పాత్రికేయుడు టామ్ స్టీఫెన్సన్ 1935లో ప్రతిపాదించిన ఆ బాట కిండర్ పాదాన ఉన్న ఈడేల్ నుండి స్కాట్లండు సరిహద్దు వరకు సుమారు 430 కిలోమీటర్లు పోతుంది. 1982లో కిండర్ నేషనల్ ట్రస్టు చేతికి వచ్చింది. మూర్‌ల మీద బాట విడిచి కూడ నడిచే సాధారణ హక్కు మాత్రం 2000 నాటి చట్టంతో, అది 2004 సెప్టెంబరులో అక్కడ అమలులోకి వచ్చినప్పుడు గాని లభించలేదు. సామూహిక నడక జరిగి అప్పటికి 72 సంవత్సరాలు. దాని డెబ్బయ్యవ వార్షికోత్సవంలో, 2002లో, అప్పటి డెవన్‌షైర్ డ్యూకు తన తాతగారి కాలంలో జరిగినదానికి బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. రాత్‌మన్ అదే సంవత్సరం జనవరిలో చనిపోయాడు. ఆ మాట వినలేదు.

ఇంతకూ వీరంతా పోరాడి చేరుకొన్న ఆ పీఠభూమి ఏ స్థితిలో ఉన్నది? 20వ శతాబ్ది చివరినాటికి కిండర్ పైభాగం చాలచోట్ల నల్లని ఎడారి. పీట్ చీలి మూడు నాలుగు మీటర్ల లోతు కందకాలు ఏర్పడినవి. వాటిని అక్కడివారు గ్రఫ్‌లు అంటారు. నడిచేవాడు ఒక కందకంలోకి జారి, మోకాటి లోతు బురద తొక్కి, ఎదుటి గట్టు పాకి ఎక్కేసరికి మరొకటి కనబడుతుంది. అన్నీ ఒకేలా ఉంటాయి. మంచు కమ్మితే ఏ దిక్కున పోతున్నదీ తెలియదు. దిక్సూచి లేకుండా అక్కడికి పోరాదని అనుభవజ్ఞులు చెప్తారు. అన్నిటికంటె ఎత్తయిన బిందువు కూడ ఆ బురదలో ఒక చిన్న మిట్ట మాత్రమే. వెతికినా సులభంగా దొరకదు.

కందకాలు ఎందుకు ఏర్పడినవి? నడకకు వచ్చేవారి కాళ్ళవలన అని ఒకప్పుడు కొందరన్నారు. కాళ్ళ వాటా లేకపోలేదు. పెన్నైన్ వే మొదటి దారి పీఠభూమికి అడ్డంగా పోయేది. వేలమంది తొక్కిడికి పీట్ అరిగిపోగా, ఆ బాటను అంచువైపు మార్చవలసి వచ్చింది. చాలచోట్ల బాటమీద బండలు పరిచారు. ఆ బండలలో ఎన్నో లాంకషైర్‌లో కూల్చివేసిన నూలుమిల్లుల నేలనుండి తెచ్చినవే.

కాని అసలు హంతకుడు పొగ. మాంచెస్టర్‌లో పనిచేసిన రసాయన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ ఆంగస్ స్మిత్ 1852లోనే ఆ నగరపు వానలో గంధకామ్లం ఉన్నదని చూపించాడు. 1872లో ప్రచురించిన గ్రంథంలో ఆమ్లవర్షం అన్న మాటను వాడాడు. మిల్లుల బొగ్గులో ఉన్న గంధకం కాలి వాయువై, పడమటి గాలితో సరాసరి కిండర్ మీదికి వచ్చేది. స్ఫాగ్నం నాచుకు వేళ్ళు లేవు. వానలో ఏది ఉంటే అది ఒంటినిండా పీల్చుకోవలసిందే. పీట్ పైపొరలలో మసి ఎక్కడ మొదలైనదో అక్కడే నాచు ఆనవాళ్ళు తగ్గిపోవటాన్ని మాంచెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ టాలిస్ 1960లలో గమనించాడు. నాచు చచ్చింది. గొర్రెలు మిగిలిన గడ్డిని కొరికాయి, ఎండాకాలపు కార్చిచ్చులు పైపొరను కాల్చాయి. బయటపడిన పీట్‌ను మంచు వదులు చేస్తే గాలి, వాన మోసుకొనిపోయాయి. ఏర్పడేటప్పుడు ఏడాదికి అర మిల్లీమీటరు, పోయేటప్పుడు ఏడాదికి ఒకటి రెండు సెంటీమీటర్లు. ఒక్క ఏడు పోయినదానిని తిరిగి చేయడానికి ప్రకృతికి ఇరవై నలభై ఏండ్లు కావాలి. వారమంతా పొగలో బ్రతికి ఆదివారం శుభ్రమైన గాలి కొరకు కొండెక్కినవారు, తమ మిల్లు పొగ తమకంటె ముందే అక్కడికి చేరిన సంగతి ఎరుగరు.

పీట్ కరిగిపోతే నష్టం కొండకు మాత్రమే కాదు. ప్రపంచపు భూభాగంలో పీట్ నేలలు నూటికి మూడు పాళ్ళే. వాటిలో ఉన్న కర్బనం ప్రపంచంలోని అడవుల మొక్కలన్నిటిలో ఉన్నదానికంటె ఎక్కువ. పీట్ ఎండితే ఆ కర్బనం బొగ్గుపులుసు వాయువై గాలిలో కలుస్తుంది. వాన పడితే నాచులేని నేల మీదనుండి నీరు ఒక్కసారిగా దిగి కింది ఊళ్ళను ముంచుతుంది.

1952 డిసెంబరులో లండన్‌ను ముంచిన విషపు పొగమంచు తరువాత, 1956లో శుభ్రవాయు చట్టం వచ్చింది. ఆ తరువాతి దశాబ్దాలలో గాలిలోని గంధకం చాలవరకు తగ్గినది. అయినా నాచు తనంతట తాను తిరిగి రాలేదు. 2003లో ఏర్పడిన ఒక భాగస్వామ్య సంస్థ, నేషనల్ ట్రస్టు కలిసి బోడినేల మీద సున్నం, ఎరువు, గడ్డి విత్తనాలు హెలికాప్టర్లతో చల్లించారు. నేల కదలకుండా కత్తిరించిన హెదర్ కొమ్మలు పరిచారు. గొర్రెలు రాకుండా కంచె వేశారు. కందకాలకు అడ్డంగా రాళ్ళతో, కొయ్యతో వేలకొద్దీ చిన్నచిన్న అడ్డుకట్టలు కట్టారు. నేల పచ్చబడిన తరువాత చేతితో స్ఫాగ్నం నాటుతూ వచ్చారు. పచ్చబడిన చోట వాననీరు ఆలస్యంగా, నెమ్మదిగా దిగుతున్నట్లు వాగులలో పెట్టిన కొలతపరికరాలు చూపాయి. 2009లో కిండర్‌ను జాతీయ ప్రకృతి రక్షణ స్థలంగా ప్రకటించారు.

హేఫీల్డ్ రైలుమార్గం 1970లో మూతపడినది. దాని కట్టమీద ఇప్పుడు కాలిబాట ఉన్నది. బౌడెన్ బ్రిడ్జ్ గని ఇప్పుడు కార్లు నిలిపే స్థలం. గోడకు 1932 నాటి నడకను తెలిపే ఫలకం ఉన్నది. అక్కడినుండి బయలుదేరేవారికి నియమాలు కొన్ని. పక్షులు గూళ్ళు కట్టే మార్చి 1 మొదలు జూలై 31 వరకు కుక్కను పొట్టిపగ్గంతో పట్టుకోవాలి. అగ్గిపుల్ల గీయరాదు. నిప్పు ప్రమాదం మరీ ఎక్కువగా ఉన్న రోజులలో, ప్రజల బాటలు తప్ప మిగిలిన మూర్‌ను మూసివేయవచ్చు. కొత్తగా నాచు నాటిన కందకాలలో అడుగు పెట్టకుండా బండలబాట వెంట నడవమని అడుగుతారు.